జిడ్డువాడలో మూడు పీటల గుమ్మం

అనగనగా ఒక ఊరు. నేల మీద ఉండే ఊరు కాదు తల్లీ, ఒక పిల్ల పొట్టలో ఉన్న ఊరు. నవ్వకు. నీ పొట్టలోనూ ఉన్నాయి అలాంటివి, కోట్ల కొద్దీ. ఒక్కో ఊరు ఎంతుంటుందంటే, ఆవగింజ మీద వెయ్యి ఊళ్ళు కట్టినా ఇంకా జాగా మిగులుతుంది.

ఆ పిల్ల పేరు జాజి. నీ ఈడే. జాజి పేగు గోడలో ఓ పక్కగా ఉంది మన ఊరు. దాని పేరు జిడ్డువాడ.

ఆ పేరెందుకొచ్చిందంటే, ఆ ఊరి ప్రహరీ రాళ్ళతో కట్టింది కాదు, మట్టితో కట్టిందీ కాదు. నూనె మనుషులే గోడ. రెండు వరసలుగా నిలబడి ఉంటారు వాళ్ళు. వాళ్ళ తలకేమో నీళ్ళంటే ప్రాణం. తోకకేమో నీళ్ళంటే పరమ అసహ్యం, తలంటుకి రమ్మంటే నువ్వు పారిపోతావే, అలాగ. అందుకని రెండు వరసలవాళ్ళూ తోకలు మధ్యకి దాచుకున్నారు. ఒక వరస తలలు బయటికి, రెండో వరస తలలు ఊరి వైపుకి. భుజాలు రాసుకుంటూ, అటూ ఇటూ ఊగుతూ ఉంటారు. అయినా గోడ పడదు.

ఆ గోడ దాటడానికి అందరికీ ఒకటే దారి కాదు. గాలికైతే గుమ్మంతో పనే లేదు. తిరునాళ్ళలో జనం మధ్యనుంచి నువ్వు దూరిపోయినట్టు నూనె మనుషుల మధ్యనుంచి జారిపోతుంది. నీళ్ళవాళ్ళకి సన్న సన్న సందులున్నాయి. ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి. వాళ్ళకో గుణం ఉంది. ఉప్పూ తీపీ ఎటు ఎక్కువుంటే అటే పోతారు. పిలవక్కర్లేదు, బొట్టు పెట్టక్కర్లేదు.

ఇక ఉప్పువాళ్ళూ, పంచదారవాళ్ళూ ఉన్నారే, వాళ్ళని మాత్రం నూనె మనుషులు చచ్చినా దూరనివ్వరు. వాళ్ళు గుమ్మంలోంచే రావాలి.

ఆ గుమ్మం ఒక చిన్న గదిలా ఉంటుంది. దానికి రెండు తలుపులు. ఒకటి బయటికి, ఒకటి ఊళ్ళోకి. రెండూ ఒక్కసారి తెరుచుకోవు. గదిలో మూడు పీటలు వేసి ఉంటాయి. కూర్చోవలసినవాళ్ళు వచ్చి పీటల మీద కూర్చుంటే బయటి తలుపు మూసుకుంటుంది, అప్పుడు ఊరి తలుపు తెరుచుకుంటుంది. ఎవరెవరు కూర్చోవాలన్నది ఆ గుమ్మం కాసే ఇంటివాళ్ళకే తెలుసు.

ఎన్నాళ్ళనుంచో ఆ గుమ్మం కాస్తున్నది నూకాలు. గట్టి మనిషి. ఎండుమిరపకాయకైనా కాస్త మెత్తదనం ఉంటుందేమోగానీ నూకాలు మాటకి ఉండదు. కోడలు పైడమ్మని ఒక్కనాడు దగ్గరికి తీసుకుని ఎరగదు. తిట్టిందీ లేదు, మెచ్చుకుందీ లేదు.

ఒకరోజు నూకాలు జంతిక కొరుకుతూ, నోట్లో ఉన్న ఆ ఒక్క పన్నూ ఊడగొట్టుకుంది. "ఇంక నావల్ల కాదు, ఓపిక లేదు" అని మర్నాడు పొద్దున్నే గుమ్మం పైడమ్మకి అప్పజెప్పింది. అప్పజెబుతూ ముత్తాతల నాటి పాట ఒకటి చెప్పింది. ఆ పాటే ఆ గుమ్మానికి తాళంచెవి.

ఏం పాటో తెలుసా?

"ఒక్కరైతే వప్పు, ఇప్పరైతే సప్పు, ముగ్గురైతే ముప్పు."

అదేం పాట అంటావా? నువ్వు 'ద్దు' అను. అన్నావా? నాలుక ఎక్కడ తగిలింది? పళ్ళకి. మరి నూకాలుకి పళ్ళేవీ? పాపం, నాలుకకి ఆనేచోటే లేదు. మిగతా మాటలు ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, 'ద్దు' దగ్గరికి వచ్చేసరికి పెదాలు కలిపేసి 'ప్పు' అనేది. పొద్దెక్కింది అనడానికి పొప్పెక్కింది అనేది. పెద్ద ముద్ద అనడానికి పెప్ప ముప్ప అనేది.

పన్ను ఊడి ఒక్క రోజేగా అయింది, పైడమ్మకి ఆ భాష ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. 'వప్పు' అంటే వద్దు అని తెలిసింది. 'ఇప్పరు' అంటే ఇద్దరు, అదీ తెలిసింది. 'సప్పు' దగ్గర ఆగింది. "చప్పుడు అంటోంది కాబోలు. ఇద్దరొస్తే చప్పట్లు కొట్టి లోపలికి పిలవమన్నమాట" అనుకుంది. ఇక 'ముప్పు' దగ్గర ఆలోచించనే లేదు. ముప్పంటే ముప్పే!

దానికి తగ్గట్టు మనవాళ్ళ ఆచారం ఒకటి ఉండనే ఉంది. మంచి పనికి ముగ్గురు కలిసి బయల్దేరతారా ఎవరైనా? తప్పకపోతే నాలుగో మనిషి కింద ఓ గులకరాయినైనా జేబులో వేసుకుంటారు. పైడమ్మకి ఆ పట్టింపు మరీ ఎక్కువ.

అయినా ఓసారి అడిగి చూసింది. "అత్తా, ముగ్గురైతే ముప్పేనా?"

"ముప్పే! ముప్పే! ఎన్నిసార్లు చెప్పమంటావ్!" అని కసిరింది నూకాలు.

ఇంకేం అడుగుతుంది? వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. పీటలు మూడున్నాయి కదా. "వచ్చేవాళ్ళు ఇద్దరు, వాళ్ళకి రెండు. కాపలాదాన్ని నేను, నాకొకటి. లెక్క సరిపోయింది" అనుకుని మూడో పీట మీద దర్జాగా బాసింపట్టు వేసుకుంది.

సరిగ్గా ఆ రోజే వచ్చిపడింది ఉపద్రవం. జాజి ముందురోజు సంతలో ఈగలు ముసిరిన పుచ్చకాయ ముక్క తింది. తినొద్దే అంటే వినదు, అచ్చం నీలాగే. ఆ ముక్కతో పాటు దుష్టులు కొందరు పొట్టలోకి దిగారు. వాళ్ళు గుమ్మం జోలికి రాలేదు. తిన్నగా ఊళ్ళోంచి ఉప్పు కొలిచి బయటికి వదిలే తూము దగ్గరికి వెళ్ళి, తూము తలుపు ఊడగొట్టి పారేశారు.

అప్పుడేమైంది? ఊళ్ళో ఉన్న ఉప్పూ, దాని వెనకే నీళ్ళూ బయటికి జొరజొరా పోవడం మొదలెట్టాయి. అక్కడ జాజికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ముక్కు మూసుకోకు, ఎవరికైనా వచ్చేవే. ఒకటి, రెండు, మూడు... లెక్క తప్పిపోయింది. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు అతుక్కుపోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావడం లేదు.

జిడ్డువాడ కూడా అలాగే ఎండిపోతోంది. ఎండలో పెట్టిన వడియంలా ముడుచుకుపోతోంది ఊరు. నీళ్ళు లోపలికి రాకపోతే ఊరూ ఉండదు, జాజీ లేవదు. పైడమ్మకి తెలుసు ఆ సంగతి. నీళ్ళు రావాలంటే ఊళ్ళోకి ముందు ఉప్పు రావాలి. ఉప్పు రావాలంటే తన గుమ్మమే దిక్కు.

ముందుగా జాజి వాళ్ళమ్మ సూరీడు, పిల్లకి ఉత్త మంచినీళ్ళు పట్టింది. నీళ్ళవాళ్ళు బిలబిలమంటూ గోడ దగ్గరికి వచ్చారు. సందుల్లోంచి లోపలికి తొంగిచూశారు. "ఉప్పు లేదు, తీపీ లేదు, అటు మాకేం పని?" అంటూ వచ్చినవాళ్ళలో చాలామంది అటునుంచి అటే పోయారు.

ఆ తర్వాత సూరీడు, "నీరసంగా ఉంది పిల్ల, తియ్యగా ఇస్తే తాగుతుంది" అనుకుని, గ్లాసులో సగానికి సగం పంచదార పోసి పానకంలా కలిపి పట్టింది. తల్లి మనసు, ఏం చేస్తుంది?

పంచదార పిన్నులు గుంపులు గుంపులుగా దిగారు గుమ్మం ముందు. పైడమ్మ ఇద్దరిని పిలిచి రెండు పీటల మీద కూర్చోబెట్టింది. తను మూడో పీట మీద కూర్చుంది. చప్పట్లు కొట్టింది. తలుపు కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ తలుపు మాత్రం ఇంతైనా కదల్లేదు.

ఇంతలో చూడు ఏమైందో! బయట తీపి పేరుకుపోయింది కదా. నీళ్ళవాళ్ళ గుణం తెలుసుగా నీకు. ఊళ్ళో మిగిలిన కాసిని నీళ్ళూ సందుల్లోంచి బయటికి పరిగెత్తాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు! ఇక్కడ జాజి మళ్ళీ రెండుసార్లు చెంబు పట్టుకుని పరిగెత్తింది. మూడోసారి పరిగెత్తే ఓపిక కూడా లేక అమ్మ ఒళ్ళో వాలిపోయింది.

అప్పుడు సూరీడు కంగారుపడి నర్సమ్మగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ జాజి చెయ్యి పట్టి చూసింది. చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలి చూసింది. "ఉత్త నీళ్ళూ కాదు, ఉత్త తీపీ కాదమ్మా" అని సంచీలోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసింది. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు కొలిచి, పొట్లం మొత్తం అందులో కలిపింది. "చెంచాతో పట్టు. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టు. గంటలో పిల్ల తేరుకోకపోతే బండి కట్టించు, ఆస్పత్రికి పోదాం" అంది.

సూరీడు కళ్ళు తుడుచుకుని చెంచా అందుకుంది.

ఆ నీళ్ళతో పాటు దిగారు జిడ్డువాడ గుమ్మం ముందుకి ముగ్గురు. ముందు ఉప్పు అప్పచెల్లెళ్ళు ఇద్దరు. వెనకాల పంచదార పిన్ని ఒకత్తె.

"అమ్మా పైడమ్మా, మేం వచ్చాం, పీటలు చూపించు" అంది ఉప్పు పెద్దది.

పైడమ్మ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. "ముగ్గురా! అమ్మో అమ్మో, ఊరసలే చావుబతుకుల్లో ఉంటే ముగ్గురు కలిసి వస్తారా? మీకు బుద్ధుందా? పిన్నీ, నువ్వు పక్కకి జరుగు" అని పంచదార పిన్నిని గెంటేసి, అప్పచెల్లెళ్ళిద్దర్నీ కూర్చోబెట్టింది. చప్పట్లు కొట్టింది. తలుపు కదల్లేదు.

"సరే, ఒక ఉప్పు, ఒక పంచదార రండి" అంది. వాళ్ళు కూర్చున్నారు. చప్పట్లు కొట్టింది. ఊహూఁ.

వెనక గుమ్మం దగ్గర గెంటయ్య అని ఒకడుంటాడు. వాడి పని గెంటడం. ఊళ్ళోకి వచ్చిన ఉప్పువాళ్ళని ముగ్గురు చొప్పున అవతల నెత్తురు కాలవ వైపుకి గెంటుతాడు. గెంటినప్పుడల్లా అటునుంచి ఇద్దరు పొటాషియం వాళ్ళని లోపలికి లాక్కుంటాడు. వాళ్ళు కొబ్బరినీళ్ళ తాలూకు, అరటిపండు తాలూకు చుట్టాలు. వాడికి కండ ఎంతో ఆకలి అంత. తిండి పడితేగానీ చెయ్యి లేవదు. ఆ రోజు గెంటడానికి ఉప్పూ లేదు, తినడానికి తీపీ లేదు. డొక్క పట్టుకుని కూర్చున్నాడు.

వాడు అక్కడినుంచే కేకేశాడు. "ఓ పైడమ్మప్పా! పుట్టి బుద్ధెరిగి ముగ్గురు ముగ్గుర్నే గెంటుతున్నాను నేను. నాకేం ముప్పొచ్చింది? రానీవమ్మా, ఆకలి దంచేస్తోంది!"

"నీకేం తెలుసు, మా అత్త చెప్పింది" అంది పైడమ్మ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారు చూడు, అదీ వరస. ఆ మూడో కాలు దగ్గరే వచ్చింది చిక్కంతా!

బయట అప్పచెల్లెళ్ళు బతిమాలుతున్నారు. ఊళ్ళో గోడ మీద నూనె మనుషులు సన్నగా మూలుగుతున్నారు. పైన ఎక్కడో సూరీడు "జాజీ, కళ్ళు తెరవవే తల్లీ" అంటున్నది ఊరంతా వినపడుతోంది.

పైడమ్మకి ఏడుపొచ్చింది. తియ్యకపోతే ఊరు పోతుంది. తీస్తే ముప్పొస్తుందని అత్త చెప్పె. పీట మీద కూర్చునే చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడిస్తే ఒక్క చుక్క రాలేదు. అంత ఎండిపోయింది మరి.

అప్పుడు నూకాలు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వచ్చి, గుమ్మంలో చతికిలబడింది. కోడలి తల మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళ కాపురంలోనూ వెయ్యని చెయ్యి.

"ఎంతో మంచి పిల్లవే నువ్వు. నేనే ఏనాడూ అనలేదు" అంది. "ఎండిపోయేలా ఉన్నాం గదే. పోయేముందు ఒక్కసారి దగ్గరికి రా. నీకో ముప్పు పెడతాను."

పైడమ్మ ఉలిక్కిపడింది. ముప్పు పెడుతుందా! ఈ ముసలిదానికి చివరికి ఇదేం బుద్ధి!

నూకాలు పైడమ్మ మొహం రెండు చేతుల్లోకీ తీసుకుంది. పళ్ళు లేని నోటితో నుదుటి మీద మెత్తగా ముద్దు పెట్టింది.

పైడమ్మ నోరు తెరుచుకుని అత్త వంక చూసింది. "అత్తా, ఇప్పుడు నువ్వు పెట్టినదాన్ని ఏమంటారు?"

"ముప్పు" అంది నూకాలు.

"ముగ్గురైతే?"

"ముప్పు! అదేగా పొప్పున్నించీ చెబుతున్నాను!"

"ఓసి నా మతి మండిపోనూ!" అని పైడమ్మ నెత్తి బాదుకుంది. వద్దుని వప్పు అనే మనిషి ముద్దుని మరేమంటుంది? సప్పు అంటే చప్పుడు చెయ్యమని కాదు, సద్దు! ఇద్దరొస్తే ఉత్త సద్దే గానీ పని జరగదని! ముగ్గురైతేనే ముద్దు!

ఒక్క గెంతున లేచింది పీట మీదనుంచి. అప్పుడు చూసుకుంది, పొద్దున్నించీ తను కూర్చున్న ఆ మూడో పీట ఎవరిదో. "పిన్నీ! పంచదార పిన్నీ! అలిగి వెళ్ళిపోకమ్మా, నీ పీట మీద నేను తిష్ట వేశాను, చెంపలు వేసుకుంటాను, రా తల్లీ!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఉప్పు పెద్దది ఒక పీట. ఉప్పు చిన్నది ఒక పీట. పంచదార పిన్ని మూడో పీట. చప్పట్లు కొట్టే పనే లేకపోయింది. బయటి తలుపు ధబీమని మూసుకుంది. ఊరి తలుపు బార్లా తెరుచుకుంది. ముగ్గురూ నవ్వుకుంటూ ఊళ్ళోకి దిగారు.

ఆ తర్వాత మరో ముగ్గురు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. గుమ్మం తిరుగుతూనే ఉంది. ఊళ్ళో ఉప్పూ తీపీ పెరిగాయి. వెంటనే బయట ఉన్న నీళ్ళవాళ్ళు ముక్కు ఎగబీల్చి, "ఓహో, అటున్నారా మనవాళ్ళు!" అంటూ సందుల వెంట ఒకరి వెనక ఒకరు వరస కట్టారు. ఎండిన వడియాన్ని నీళ్ళలో వేస్తే ఉబ్బినట్టు ఊరు పొంగింది. నూనె మనుషులు మళ్ళీ ఊగడం మొదలెట్టారు.

గెంటయ్యకి తీపి తిండి పడింది. లేచి పంచె బిగించాడు. "ముగ్గురు బయటికి, ఇద్దరు లోపలికి, హైసా!" అని అదే పని. పంచదార పిన్నులేమో వాళ్ళ దారిన వేరే గుమ్మంలోంచి నెత్తురు కాలవలోకి దిగారు. వెనకాలే నీళ్ళూను. కాలవ నిండింది. జాజి ఒళ్ళంతా పారింది.

విరేచనాలు ఆ పూటే ఆగిపోలేదులే. ఊడిన తూము బాగవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. కానీ తూము చెడినా గుమ్మం చెడలేదు చూశావూ, అదీ అదృష్టం. పోయే నీళ్ళకంటే వచ్చే నీళ్ళు ఎక్కువయ్యాయి.

నర్సమ్మగారు చెప్పిన గంట ఇంకా గడవకముందే, సరిగ్గా దీపాలవేళకి జాజి కళ్ళు తెరిచింది. తెరిచి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "అమ్మా, ఒంటికి వస్తోంది!"

ఉచ్చ వస్తోందంటే ఒంట్లో నీళ్ళు నిండినట్టే మరి. సూరీడు ఆనందం పట్టలేక ఏడ్చేసింది. నర్సమ్మగారు చప్పట్లు కొట్టింది. పిల్ల ఒంటికి పోసుకుంటానంటే అంత సంబరపడ్డ తల్లిని ఏ ఊళ్ళోనూ చూసి ఉండరు. రెండో మాట, "ఆకలేస్తోంది". మూడో మాట, "పుచ్చకాయ వద్దు".

జిడ్డువాడలో ఆ మర్నాటినుంచి నూకాలు, కోడలు ఇద్దరూ గుమ్మంలోనే కూర్చునేవాళ్ళు. పీటల మీద కాదు, గడప పక్కన చాప మీద. ముగ్గురేసి లోపలికి వెళ్తుంటే అత్త పాట పాడేది, కోడలు దానికి పళ్ళు పెట్టి మళ్ళీ పాడేది. నువ్వూ అను నాతో.

ఒక్కరైతే వద్దు,
ఇద్దరైతే సద్దు,
ముగ్గురైతే ముద్దు.
ఉప్పూ తీపీ ఊళ్ళోకి,
వెనకే నీళ్ళు ఒళ్ళోకి,
కథేమో కంచికి,
మనమేమో మంచం మీదికి.

అయిందిగా? పొద్దున్నించీ నాలుగుసార్లు చెంబు పట్టుకెళ్ళావు. "ఉప్పగా ఉంది, తాగను" అని మీ అమ్మ మీదికి ఉమ్మేసిన గ్లాసు అదిగో, ఇంకా అక్కడే ఉంది. నీ ఊళ్ళో పైడమ్మ పీట ఖాళీ చేసి ఎదురుచూస్తోంది. తాగు. ఆఁ, అలాగ. ఇంకో గుక్క. ఇంకోటి. నా బంగారుకొండ!

ఉండు, నా పళ్ళ సెట్టు తీసి గిన్నెలో వేసుకోనీ.

ఆఁ. ఇటు తిరుగు. ఏదీ, అమ్మమ్మకి ఓ ముప్పు పెట్టు. ఇంక పడుకో. పొప్పున్నే లేవాలి.